ఒక్క ఓటమి, పదిహేను టైటిళ్లు: డాన్ గేబుల్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక కుస్తీ యోధుడి గురించి మాట్లాడుకుందాం. పేరు డాన్ గేబుల్. అమెరికాలో అయోవా రాష్ట్రం, వాటర్లూ అనే ఊరు. 1948లో పుట్టారు. మొక్కజొన్న పొలాల రాష్ట్రం అది. మనకు క్రికెట్ పిచ్చి ఎలాగో, అక్కడ వాళ్లకు కుస్తీ పిచ్చి అలాగ.

ముందు ఒక చిన్న విషయం చెప్పాలి. ‘దంగల్’ సినిమాలో మనం చూసింది ఒలింపిక్స్‌లో ఉండే ఫ్రీస్టైల్ కుస్తీ. అమెరికా కాలేజీ కుస్తీ కొంచెం వేరు. అక్కడ ఎదుటివాణ్ణి కింద పడేస్తే సరిపోదు. పడేశాక పైన ఉండి, వాడు లేవకుండా అదిమి పట్టాలి. ఎంతసేపు అదిమి పట్టారో గడియారం పెట్టి లెక్కేస్తారు, దానికీ పాయింటు ఉంటుంది. అంటే బలంతో పాటు ఓపిక కూడా కావాలన్నమాట.

గేబుల్ గారికి పదిహేనేళ్ల వయసులో ఇంట్లో ఘోరం జరిగింది. 1964లో అక్క డయాన్‌ను సొంత ఇంట్లోనే హత్య చేశారు. ఆమెకు పందొమ్మిదేళ్లు. తల్లిదండ్రులకు ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. అప్పుడు ఈ పిల్లాడే, మనం ఇల్లు వదలొద్దు అని, తన సామాను తీసుకుని అక్క గదిలోకి మారిపోయాడు. ఆ తర్వాత తన కుస్తీ అమ్మానాన్నలకు ఒక ఊరట కావాలనుకున్నాడు. ఇది ఆయన తర్వాతి రోజుల్లో చాలాసార్లు చెప్పుకున్న సంగతే.

ఇక రికార్డు చూడండి. హైస్కూల్లో 64 కుస్తీలు, 64 గెలుపులు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో చేరాక వరసగా 117 గెలుపులు. మొత్తం 181. ఎక్కడా ఓటమి లేదు. 1968లో, 1969లో జాతీయ కాలేజీ ఛాంపియన్. మిగిలింది ఒకే ఒక్క కుస్తీ, 1970 ఫైనల్.

ఎదురుగా నిలబడింది వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు లారీ ఓవింగ్స్. ఈ కుర్రాడు కావాలనే బరువు తగ్గించుకుని 142 పౌండ్ల విభాగంలోకి దిగాడు. ఎందుకంటే గేబుల్ అక్కడ ఉన్నాడు కాబట్టి! ఆ సంగతి దాచుకోలేదు కూడా, ముందే బాహాటంగా చెప్పాడు. కుస్తీ 13-11తో ముగిసింది. గెలిచింది ఓవింగ్స్. కాలేజీ జీవితంలో గేబుల్ ఓడింది ఆ ఒక్కసారే, అదీ ఆఖరి కుస్తీలో.

తర్వాత ఏం జరిగింది? 1971లో బల్గేరియాలోని సోఫియాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 68 కిలోల విభాగంలో స్వర్ణం. ఆరు కుస్తీలు పట్టారు, ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. మళ్లీ వినండి, ఒక్కటంటే ఒక్క పాయింటు కూడా!

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. ‘ఓటమే గురువు’ అని ఒక నీతి చెప్పి ముగించేస్తారు. నాకు మాత్రం దీని తర్వాతి భాగమే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే తాను గెలవడం వేరు, ఇంకొకరి చేత గెలిపించడం వేరు.

ఆయన తాను చదివిన అయోవా స్టేట్‌కి వెళ్లలేదు. దాని ప్రత్యర్థి అయిన అయోవా యూనివర్సిటీలో 1972లో సహాయ కోచ్‌గా చేరి, 1976లో ముఖ్య కోచ్ అయ్యారు. 21 సీజన్లలో 15 జాతీయ టైటిళ్లు. అందులో 1978 నుంచి 1986 దాకా వరసగా తొమ్మిది. పదోది తప్పిపోయింది. 1987లో దాన్ని ఎగరేసుకుపోయింది ఎవరనుకున్నారు? ఆయన పాత కాలేజీ అయోవా స్టేటే!

శిష్యుల్ని చూడండి. ర్యాండీ లూయిస్ సాహసంతో పట్లు మార్చి మార్చి పాయింట్లు కొల్లగొట్టే రకం. టామ్ బ్రాండ్స్ ఊపిరాడనివ్వకుండా మీద పడి నలిపేసే రకం. పద్ధతులు పూర్తిగా వేరు. లూయిస్‌కి 1984లో, బ్రాండ్స్‌కి 1996లో ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. అంటే గేబుల్ తన నకళ్లను తయారు చేయలేదు. ఎవడి కుస్తీ వాడికి ఉండనిచ్చి, దానికి పదును పెట్టారు. పిల్లలకు ఏదైనా నేర్పించే ప్రతి అమ్మా నాన్నా ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఆఖరి సీజన్ 1997. మధ్యలో తుంటి మార్పిడి ఆపరేషన్ అయినా తిరిగొచ్చారు. జట్టు 170 పాయింట్లతో రికార్డు సృష్టించింది.

అయితే ఒక మాట. కష్టపడటానికీ ఒంటిని హింసించుకోవడానికీ తేడా ఉంది. అదే 1997 చివర్లో వేరే మూడు కాలేజీల్లో ముగ్గురు కుర్రాళ్లు, హడావుడిగా బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. చెమట పట్టించే రబ్బరు సూట్లు, వేడి గదులు. ఆ తర్వాతే వాటిని నిషేధించారు, బరువు తూచే పద్ధతి మార్చారు. పట్టుదల గురించి మాట్లాడినప్పుడు ఆ ముగ్గుర్నీ మర్చిపోకూడదు.

చివరగా, ఆ 170 రికార్డును 2024లో పెన్ స్టేట్ దాటింది. దాని కోచ్ కేల్ శాండర్సన్. ఆయనా అయోవా స్టేట్ విద్యార్థే. కాలేజీలో 159 కుస్తీలు పడితే 159 గెలుపులు, ఓటమే లేదు! మరి ‘ఓడితేనే మంచి గురువు అవుతాడు’ అనే సూత్రం ఏమైంది? నిలబడదు కదా. ఒకరు ఓడి వచ్చారు, ఒకరు ఓడకుండా వచ్చారు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే. తమ లెక్క పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న కుర్రాడి లెక్క చూడటం మొదలుపెట్టారు. గోదా దిగినవాళ్లు చాలామంది ఉంటారు. దిగాక గోదా గట్టు మీద కూర్చుని ఇంకొకడి కోసం కష్టపడేవాళ్లు తక్కువ.

మీకు ఇలాంటి గురువు ఎవరైనా ఉంటే, ఈ వారం ఒకసారి ఫోన్ చేసి పలకరించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.