సైన్యపు కొట్టులో నేర్చిన పాఠము



1962లో కోరుకొండ సైనికపాఠశాల వెలసిన ఈ సీమనుండి నేనును సైన్యమున చేరితిని. 1760 నుండి తన పుట్టుకను లెక్కించుకొను ఆర్మీ సర్వీస్ కోర్ నందు హవల్దారునై, బియ్యము, గోధుమపిండి, కిరసనాయిలు తూచి పంచుచు యౌవనమెల్ల గడపితిని.

నేనున్న దినములలో శీతకాలమున జోజిలా కనుమ మంచుతో మూసుకొనెడిది. లడఖ్ దళములకు మాసములకొలది గ్రాసము వేసవిలోనే నిలువచేయవలసియుండెను. ఒకయేడు బస్తాలను తూచకయే రశీదుపై సంతకము చేసితిని. మాఘమాసమునాటికే చక్కెర నిండుకొనెను. జవానులు తీపిలేని తేనీరు త్రాగిరేగాని నన్నొక మాటయు ననలేదు. ఆ మౌనమే నాకు శిక్ష. అటుపిమ్మట తూచనిదే సంతకము చేసి యెరుగను.

మన విద్యార్థి వసతిగృహపు బియ్యమును, చందాల లెక్కయు నట్లే యేటేట సభయెదుట తూచబడవలెనని నా విన్నపము. దాత నమ్మి యిచ్చునదియు, పిల్లవాడు ఆకలితో నెదురుచూచునదియు నొక్కటియే కదా!