నేత్రదానం: పెన్షన్ ఫైలులో మరో కాగితం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన మాధవరం సభలో నేత్రదానం గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. ఆరోగ్యశాఖలో కంటి విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చేనులో పనిచేసేవారి కంటికి జొన్నాకు గీరుకుంటుంది, పత్తిపుల్ల గుచ్చుకుంటుంది. అదే తగ్గుతుందిలే అని ఆకుపసరో, షాపులో అడిగి తెచ్చిన చుక్కల మందో వేస్తారు. బూజు చేరి పుండవుతుంది. పుండు మానినా నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగులుతుంది. దాన్నే పువ్వు పడిందంటాం. శుక్లమైతే తీసి లెన్సు పెడతారు. పువ్వు ముదిరితే పైపొరనే, అంటే కార్నియానే మార్చాలి. అది మరణించిన మరో మనిషి నుంచి రావలసిందే.

ఈ మార్పిడిని మనిషికి మొదటిసారి విజయవంతంగా చేసినవారు ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, 1905లో. ఆ తర్వాత చాలాకాలం నిల్వ పెద్ద సమస్యగా ఉండేది. తీసిన కన్నును తడి సీసాలో, చల్లగా ఉంచి, ఒకటి రెండు రోజుల్లోనే వాడాలి. 1974లో మెకేరీ, కాఫ్‌మన్ అనేవారు పోషకాలు, యాంటీబయోటిక్ మందులు కలిపిన ద్రావకం తయారుచేశారు. అదే ఎం.కె. మీడియం. అందులో 4 డిగ్రీల చల్లదనంలో కార్నియా 4 రోజులు బాగుంటుంది. కొత్త ద్రావకాల్లో 14 రోజుల దాకా ఉంచవచ్చు. దూరపు ఊరి కన్ను కూడా అక్కరకు రావడం దీనివల్లే.

హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో ప్రారంభమైంది. 1989లో అక్కడ రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడింది. ఎం.కె. మీడియంను కూడా అక్కడ తయారుచేస్తున్నారు.

"ముసలివాళ్ళ కళ్ళు ఎవరికి పనికొస్తాయి?" అని మనవాళ్ళే అడుగుతుంటారు. వయసు అడ్డు కాదు. అద్దాలు, శుక్లం ఆపరేషన్, షుగరు, బి.పి. అడ్డు కావు. ఎయిడ్స్, రేబిస్, కామెర్ల వైరస్, రక్త క్యాన్సర్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు. చూపు తెప్పించేంత బాగాలేని కార్నియాను గ్లిసరిన్‌లో నెలల తరబడి నిల్వచేస్తారు. పుండు చిల్లుపడి కన్నే పోయే స్థితిలో దాన్ని అతుకుగా వేసి కన్ను నిలబెడతారు. చూపు కోసం తర్వాత మరో ఆపరేషన్ చేసే వీలుంటుంది. 2020 లాక్‌డౌన్‌లో దానాలు ఆగిపోయినప్పుడు ఇలాంటి నిల్వ కణజాలమే అత్యవసరానికి ఆదుకుంది.

దానమిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతామని, ముఖం వికారమవుతుందని కొందరి భయం. సాధారణంగా పలుచని పొర మాత్రమే తీస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. చూసేవారికి తేడా తెలియదు.

అయితే మిత్రులారా, ద్రావకం రోజులు నిలిపేది కన్ను తీసిన తర్వాతే. తీయడం మాత్రం 6 గంటల్లోపు జరగాలి. ఆ సమయంలో మనం ఫోను చేయలేం. మనం సంతకం పెట్టిన కార్డు బీరువాలో ఉండి, పిల్లలు ఒప్పుకోకపోతే ఏమీ జరగదు. కనుక ఈ రోజే ఇంట్లో చెప్పండి. కోడళ్ళకు, అల్లుళ్ళకు కూడా తెలియాలి. దగ్గరి నేత్రనిధి నంబరు, అక్కడివారు మన ఊరికి ఎంతసేపట్లో రాగలరో ముందే విచారించి, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలున్న ఫైలులో పై పేజీగా పెట్టండి. ప్రాణం పోయాక రెప్పలు మూసి, తడిదూది వేసి, ఫ్యాను ఆపి, తలకింద దిండు పెట్టి, వెంటనే ఫోను చేయమనండి.

పెన్షన్ మన తర్వాత ఇంట్లోవారికి అందాలని జాగ్రత్త పడతాం. చూపు కూడా మరొకరికి అందాలని అంతే జాగ్రత్త పడదాం.