కొత్త మోటారు సైకిలు – మొదటి సర్వీసు
(కౌతాళము ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము మోటారు సైకిలును గూర్చి మాటలాడ నెంచినాము. మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు విడిచి ఈ సంగతి యెందుకని మీలో కొందరికి తోచవచ్చును. ఒక్కసారి మీ వీధులను జ్ఞాపకము చేసికొనుడు. మునుపు ఎద్దులబండి నిలిచిన చోట నేడు మోటారు సైకిలు నిలిచియున్నది. ఆదోని మార్కెట్టులో పత్తి ధర విచారింపవలెనన్నను, ఎమ్మిగనూరునకు పనిమీద పోవలెనన్నను, తుంగభద్ర దిగువ కాలువకు నీరు వచ్చినదో లేదో చూచి రావలెనన్నను, శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనమునకు వెళ్ళవలెనన్నను అదియే వాహనము. దాని ధర నేడు లక్ష రూపాయల ప్రాంతమున నున్నది. చాలమంది వాయిదాల మీద కొనుచున్నారు. ఇంత సొమ్ము పోసి కొన్న వస్తువునకు మొదటి నెలలోనే జరుగవలసిన ఒక చిన్న పని కలదు. దానిని మొదటి సర్వీసు అందురు. ఆ పనిని కాలమునకు చేయించుకొననందువలన ఎందరో వారంటీ హక్కును చేజార్చుకొనుచున్నారు. ఇక కాలమునకు పోయినవారిలో కొందరు అక్కరలేని పద్దులకు సొమ్ము చెల్లించి వచ్చుచున్నారు.

కొత్తబండికి మరమ్మతు ఏమిటి, బాగుగనే నడుచుచున్నది గదా అని పెద్దలు అడుగుచుందురు. ఇది మరమ్మతు కాదు. కొత్త ఇంజనులో పిస్టను, సిలిండరు, పళ్ళచక్రములు మొదటిసారిగా ఒకదానితో నొకటి ఒరసికొనును. ఆ ఒరపిడిలో కంటికి కనబడని సన్నని లోహపు పొడి రాలి ఇంజను ఆయిలులో కలియును. ఆ ఆయిలును తీసివేసి, జల్లెడను శుభ్రపరచి, కొత్తది పోయుట మొదటి సర్వీసులో ముఖ్యమైన పని. ఎద్దులబండి తోలినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మట్టి కలిసిన కందెన ఇరుసును కాపాడుటకు మారుగా అరగదీయునని వారెరుగుదురు. ఇది గాక, కొత్తగా సాగిన గొలుసును బిగించుట, క్లచ్చి తీగను, బ్రేకులను సరిచేయుట, టాపెట్ల సందు చూచుట, సడలిన నట్లు బోల్టులు బిగించుట, బ్యాటరీని పరీక్షించుట జరుగును. మన నల్లరేగడి దారులలో వానకాలమున గొలుసునకు పట్టు బురద సంగతి మీకు తెలియనిది కాదు. కావున ఆ గొలుసు పనిని దగ్గర నిలిచి చూచుకొనుట మంచిది.

ఇప్పుడు గడువు మాట. ఇక్కడనే మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. చాల కంపెనీల పుస్తకములలో మొదటి సర్వీసు 500 నుండి 750 కిలోమీటర్ల నడుమ అని యుండును. కొన్నింటిలో 1000 కిలోమీటర్ల వరకు అని యుండును. దాని ప్రక్కనే దినముల లెక్క యుండును. అది కంపెనీని బట్టి నెల మొదలు రెండు నెలల వరకు మారును. ఈ రెంటిలో ఏది ముందు వచ్చిన అదియే గడువు. కొన్నవారు కిలోమీటర్ల అంకెను మాత్రము మనసున పెట్టుకొని, దినముల అంకెను మరచుచున్నారు.

లెక్క వేసి చూతము. కౌతాళము నుండి ఆదోనికి పోయి వచ్చుటకు సుమారు ఏబది కిలోమీటర్లు పట్టును. రెండు దినములకొకసారి ఆదోనికి పోవు వ్యాపారి బండి ఇరువది దినములలోనే 500 దాటును. అతనికి కిలోమీటర్లే ముందు వచ్చును. ఇంటి నుండి చేనికి, చేని నుండి ఇంటికి దినమునకు నాలుగు కిలోమీటర్లు నడుపు రైతు బండి నెలకు సుమారు 120 కిలోమీటర్లే తిరుగును. ఆ రైతు ఇంకను 500 కాలేదని ఊరకుండును. దినముల గడువు మాత్రము గడచిపోవును. ఈ దినములను లెక్కించునది బండి అమ్మకపు బిల్లు తేదీ నుండియే గాని, నెంబరు పలక బిగించిన దినము నుండి కాదు.

మన పడమటి మండలములలో ఇంకొక చిక్కు కలదు. ఏటేట పంటపని ముగియగనే కౌతాళము, కోసిగి, మంత్రాలయము, ఆదోని గ్రామముల నుండి వేలాది కుటుంబములు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు సీమకు, తెలంగాణమునకు వలస పోవుచున్నవి. దీపావళికి బండి కొని, పక్షము దినములు నడిపి, గోనెపట్ట కప్పి ఇంటిలో నిలిపి వెళ్ళువారు గలరు. బండి కదలకున్నను గడువు కదలుచునే యుండును. తిరిగివచ్చి సర్వీసు సెంటరునకు పోవగా, ఉచిత కూపను చెల్లదని చెప్పుదురు. పనికూలి చెల్లింపవలసి వచ్చును. అది చిన్న నష్టము. కొన్ని కంపెనీలు ఇంజనునకు అయిదేండ్ల వరకు వారంటీ ఇచ్చుచున్నవి. కాని సర్వీసులన్నియు గడువు లోపల, కంపెనీ అంగీకరించిన సెంటరులోనే జరిగియుండవలెనను నియమము ఆ వారంటీ పత్రములోనే వ్రాయబడి యుండును. రెండేండ్ల తరువాత ఇంజనులో లోపము బయటపడినపుడు వారు మొదట అడుగునది ఆ మొదటి సర్వీసు ముద్రనే. వలస కూలి చేసి కూడబెట్టిన సొమ్ము ఒక్క మరమ్మతు క్రింద పోవుట మిక్కిలి బాధాకరము.

దీనికి ఉపాయము లేకపోలేదు. ఉచిత సర్వీసును బండి కొన్నచోటనే చేయించుకొనవలెనను నిర్బంధము సామాన్యముగా లేదు. ఆ కంపెనీ అంగీకరించిన ఏ సెంటరులోనైనను చేయించుకొనవచ్చును. ఆదోనిలో కొన్న బండిని ఎమ్మిగనూరులో చూపవచ్చును, గుంటూరునకు తీసికొని పోయినచో అక్కడను చూపవచ్చును. బండి ఇంటివద్దనే యుండునెడల, తమ్మునికో బావమరదికో సర్వీసు పుస్తకమిచ్చి, గడువు తేదీ చెప్పి పోవలెను.

ఇక ఖర్చు విషయము. “ఫ్రీ సర్వీసు అంటిరి కదన్నా, మళ్లా దుడ్లు యెందుకు?” అని కౌంటరు వద్ద వాదన జరుగుట పరిపాటి. ఉచితమైనది పనికూలి మాత్రమే. ఆయిలు, గ్రీసు మున్నగు వస్తువులకు సొమ్ము చెల్లింపవలెను. 100 సి.సి. బండికి లీటరు లోపు ఆయిలు పట్టును. నేటి ధరలను బట్టి ఇట్టి బండికి మొదటి సర్వీసు బిల్లు అయిదువందల రూపాయలకు కొంచెము అటో ఇటో యుండుట సహజము. 350 సి.సి. బండ్లకు ఆయిలు రెండు లీటర్ల ప్రాంతమున పట్టును గనుక బిల్లును అంతకంతకు పెరుగును. దానిని చూచి చిన్నబండివారు బెదరనక్కరలేదు, చిన్నబండికి అంత బిల్లు వచ్చినచో ఊరకుండనక్కరయు లేదు.

బిల్లును చదువుటలో ఒక కిటుకు కలదు. ఆయిలు డబ్బాపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నియు కలిసియే యుండును. డబ్బాపై 400 రూపాయలని యున్నచో, బిల్లులో 339 రూపాయలు ధరగాను, 61 రూపాయలు 18 శాతపు జి.ఎస్.టి.గాను చూపవచ్చును. రెండును కలిసి 400 కావలెను. 400 వేసి, దానిపై మరల పన్ను వేసినచో అది చట్టవిరుద్ధము. డబ్బా మూతను మీ కన్నుల యెదుటనే తీయుడని అడుగుటకు మొగమాటపడరాదు.

వీటికి తోడు కొన్ని పద్దులు తెలియకుండ వచ్చి చేరును. రంగు మెరయుటకు టెఫ్లాను పూత, ఇంజనులో కలుపు మందు, పాలిషు, టైర్లలో నైట్రోజను గాలి మొదలైనవి. నెలనాటి కొత్తబండికి మెరుగు పూత ఏమిటో మాకు బోధపడలేదు. కావలెననువారు వేయించుకొనవచ్చును, అది వారి ఇష్టము. కాని కంపెనీ పుస్తకములోని సర్వీసు పట్టికలో లేని పనిని తప్పనిసరి యనుట తగదు. ఒకటి కొన్నగాని మరొకటి ఇవ్వమని నిర్బంధించుటను 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము నిర్బంధ వ్యాపార పద్ధతిగా పరిగణించుచున్నది. బిల్లు ఇవ్వ నిరాకరించుటయు అన్యాయ వ్యాపార పద్ధతియే. కావున బండి అప్పగించునపుడే జాబుకార్డుపై చేయవలసిన పనులు, అంచనా ఖర్చు వ్రాయించుకొని, ఆ తరువాతనే సంతకము చేయవలెను. తిరిగి తీసికొనునపుడు సర్వీసు పుస్తకములో తేదీ, కిలోమీటర్ల అంకె, ముద్ర ఈ మూడును ఉన్నవో లేవో చూచుకొనవలెను.

ఫోను నెంబరు సంగతి కూడ మనవి చేయుదుము. గడువు సమీపించినపుడు డీలరు నుండి ఫోనునకు సందేశము వచ్చుట నేటి ఏర్పాటు. కాని పల్లెలలో బండి ఇప్పించిన మధ్యవర్తి నెంబరే డీలరు వద్ద నమోదై యున్నచో, ఆ సందేశము అతనికే పోవును. యజమాని తన నెంబరు నమోదైనదో లేదో బండి కొన్ననాడే విచారించుకొనవలెను.

వివాదము వచ్చినచో మొదట సర్వీసు మేనేజరుతో మర్యాదగా మాటలాడవలెను. చాల తగవులు అక్కడనే తీరును. తీరనిచో 1915 నెంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదు చెప్పవచ్చును. అప్పటికిని కానిచో కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయుటకు చట్టము అనుమతించుచున్నది. చెల్లించిన వెల అయిదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వివాద కారణము పుట్టిన రెండేండ్ల లోపల దాఖలు చేయవలెను. బిల్లు, జాబుకార్డు, సర్వీసు పుస్తకము చేతిలో నున్నవారి మాట అక్కడ నిలుచును.

పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన పని యొకటి కలదు. దసరా, దీపావళి, ఉగాది పండుగల తరువాత మీ వార్డులో కొత్తబండ్లు ఎన్ని వచ్చినవో మీకు ఇట్టే తెలియును. వారి అమ్మకపు బిల్లు తేదీ, కంపెనీ పెట్టిన గడువు ఒక కాగితముపై వ్రాసి పంచాయతీ కార్యాలయమున అంటింపుడు. వలస పోవువారి పేర్లు ముందు వ్రాయుడు. ఒకే కంపెనీ బండ్లు పది పండ్రెండు ఉన్నచో, మెకానికును ఒక దినము గ్రామమునకు పంపుమని ఆదోని డీలరును సర్పంచి పేర లేఖ వ్రాసి అడుగవచ్చును. ఆ లేఖలో సర్వీసు పుస్తకముపై ముద్ర కూడ ఇక్కడనే వేయవలెనని తప్పక చేర్చుడు. ముద్ర కొరకు ప్రతివాడును మరల ఆదోనికి పోవలసి వచ్చినచో, మిగిలిన దినకూలి మరల దారిఖర్చులకే సరిపోవును.