అరుదైన యంత్రం, అరుదైన ఉద్యోగం

(రాయపూరులో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విజయనగరం రైలుమార్గం వెంట మన పెద్దలు ఈ ఊరికి వచ్చి, వ్యాగన్ మరమ్మతు కర్మాగారంలో చేతిపని నేర్చి స్థిరపడినారు. వారి మనుమలు నేడు కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. మొన్న ట్రాక్ మీద పనిచేసే ఒక సోదరుడు నన్ను ఆపి అడిగినాడు: "అన్నగారూ, మా అమ్మాయి అందరూ నేర్చుకునే విండోస్ కాదట, లైనక్సు డెస్క్‌టాపుకు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటానంటోంది. ఉద్యోగం వస్తుందా? ఫీజు కట్టమంటారా?" అప్పుడు సూటిగా చెప్పలేకపోయినాను. నేడు చెప్పుచున్నాను.

మన కార్యాలయాలలోని డెస్క్‌టాప్ యంత్రాలలో అత్యధిక భాగం విండోస్‌వే. కావున లైనక్సు డెస్క్‌టాపు పనికి మాత్రమే మనుషులను కోరే ప్రకటనలు అరుదు. రాయపూరులో మరీ అరుదు. సి-డాక్ సంస్థ 2007లో బాస్ లైనక్సును వెలువరించినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలన్నీ దానికి మారునని మనలో పలువురు ఆశించినారు. కార్యాలయాలు విరివిగా మారలేదు. మారనిచోట పోస్టులు ఎక్కడ పుట్టును? అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసినది. కొత్త విండోస్ ఎక్కని పాత యంత్రాలు ప్రతి ఆఫీసులోను ఉన్నవి.

అరుదైనది నిరుపయోగమని అనుకోరాదు. మన రిజర్వేషన్ వ్యవస్థనే చూడండి. 1994లో సికింద్రాబాదులో మొదలై, 1999 ఏప్రిలు నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై కేంద్రాలను కూడ కలిపిన 'కాన్సర్ట్' వ్యవస్థకు ఆధారం వి.ఎం.ఎస్. దానిని 1977లో వెలువరించిన డిజిటల్ కంపెనీ 1998లో కాంపాక్ పరమైనది. కాంపాక్ 2002లో హెచ్.పి. పరమైనది. యజమానులు మారినారు గాని కౌంటరులో టిక్కెట్టు ఆగలేదు. రైల్వేవారి 'క్రిస్' సంస్థలో ఆ యంత్రపు నాడి తెలిసినవారు ఉండుటయే కారణం. అట్టివారు బజారులో సులభంగా దొరకరు. కాని, మిత్రులారా, వారు వేరొకచోటికి పోదలచినా వారి విద్యను కోరే చోట్లు కొన్నియే. కొరత ఉన్నంతమాత్రాన బేరమాడే బలం రాదు. ఈ సంగతి కోర్సులు అమ్మేవారు చెప్పరు.

తపాలా శాఖలో మేఘదూత్ కాలంలో సిస్టం అడ్మినిస్ట్రేటర్లుగా పనిచేసినవారు పోస్టల్ అసిస్టెంట్లే. ఒక చేత్తో కౌంటరు, ఒక చేత్తో సర్వరు! తరువాత మేఘదూత్ పోయినది. దానితో వారి ప్రత్యేక విద్యయూ పాతబడినది. 2025లో మైసూరులోని శాఖాకేంద్రం స్వయంగా రూపొందించిన కొత్త వ్యవస్థ దేశమంతటా అమలైనది. పని మనవారి చేతికే వచ్చుట మెచ్చదగినది. అయితే వ్యవస్థ మారిన ప్రతిసారి సిబ్బందికి పని వేళలలోనే, శాఖ ఖర్చుతోనే శిక్షణ ఇవ్వవలెనని మనం కోరవలసి ఉన్నది.

ఇక ఆ అమ్మాయి సంగతి. లైనక్సు తప్పక నేర్చుకొనవచ్చును. డెస్క్‌టాపులో దానికి గిరాకీ స్వల్పమైనను సర్వర్లలో విశేషంగా ఉన్నది. ముందు సి, పైథాన్, డేటాబేసు గట్టిగా రావలెను. క్యూటి వంటి సాధనంతో వ్రాసిన ప్రోగ్రామును విండోస్, లైనక్సు, మాక్ మూడింటికిని తయారుచేయవచ్చును. ఒక్క వ్యవస్థ పేరు చెప్పి ఉద్యోగం ఖాయమనే కోర్సుకు మాత్రం పి.ఎఫ్. నుండి అప్పు తీయవద్దని ఆ సోదరునికి నా మాట.

శనివారం ఆమెను యూనియన్ ఆఫీసుకు తీసుకొని రమ్మన్నాను. మన పాత కంప్యూటరు ఇంకను విండోస్ 10తోనే నడుచుచున్నది. ముందుగా దానిని లైనక్సుకు మార్చి చూపవలెను; మన సభ్యత్వ రిజిస్టరుకు తెలుగులో ఒక ప్రోగ్రాము కూడ కావలసి ఉన్నది.