పాత లారీకి విద్యుత్ పంకా

శృంగవరపుకోట దాటి అరకు పోవు దారిలో, అనంతగిరి కనుమ ఎక్కుచుండగా, రోడ్డు ప్రక్కన బానెట్టు ఎత్తి నిలిచిన చిన్న లారీ యొకటి మాకు కనబడినది. ముందు భాగమునుండి ఆవిరి చిమ్ముచుండెను. యజమానియు డ్రైవరును తానేయైన మనిషి ఒక రాతిపై కూర్చుండి, రేడియేటరు మూత జోలికి పోక, బండి చల్లారువరకు వేచియుండెను. ఆ ఓర్పును మేము మెచ్చుకొంటిమి. మరుగుచున్న రేడియేటరు మూతను తొందరపడి తిప్పి ముఖము కాల్చుకొన్నవారిని మేమెరుగుదుము.

థింసా పాటలను ధ్వనిముద్రణ చేసికొనుటకై మేమును, మా కేంద్రమున ఇంజనీరుగా నున్న మిత్రుడొకడును ఆ దారిన పోవుచుంటిమి. బండి దిగి పలుకరింపగా అతడిట్లనెను: “ఫేను మార్పించినాను బాబూ. కరెంటు ఫేను. ఆర్నెల్లు బాగానే తిరిగింది. ఈ రోజే ఇలాగైపోనాది.”

ఈ రోజు ఏమి ఎక్కించితివని మా మిత్రుడు అడిగెను. సిమెంటు, 40 బస్తాలు. అనగా రెండు టన్నులు. అంతకుముందో? అరకునుండి కూరగాయలు దింపుట, ఖాళీగానో, కొద్దిపాటి కిరాణా సామానుతోనో ఎక్కుట. ఆరు నెలల కాలమున ఆ బండి బరువుతో దిగినదే కాని బరువుతో ఎక్కలేదు. కొత్త పంకాకు పరీక్ష ఆనాడే వచ్చినది, ఆనాడే ఓడినది.

లారీ లేని ఇండ్లలో ఈ ప్రసంగముతో పనియేమని కొందరు శ్రోతలు తలపవచ్చును. ఆ లారీ దింపు కాయగూరలు మన వంటిండ్లకే వచ్చుచున్నవి. అదియునుగాక పాత జీపును, పాత అంబాసిడరును విడువలేక ఉంచుకొన్న గృహస్థులు ఇంకను కలరు. వారితోను “కరెంటు ఫ్యాను వేయించండి, డీజిలు కలిసివచ్చును” అని చెప్పువారు తారసపడుచునే యుందురు. ఆ మాటలో నిజమెంత, కొరత యెంత అనునది తెలిసికొనదగిన విషయము.

ఇంజనులో మండిన డీజిలు శక్తి యంతయు చక్రములకు చేరదు. కొంత పొగగొట్టమున పోవును. సుమారు నాలుగింట ఒక వంతునుండి మూడింట ఒక వంతు వరకు వేడిగా మారి, ఇంజను చుట్టు తిరుగు నీటిలోనికి దిగును. ఆ నీరు రేడియేటరునకు వచ్చి, సన్నని గొట్టములగుండా పారి, గాలికి వేడిని అప్పగించి మరల ఇంజనునకు పోవును. ఆ గాలిని లాగునదే పంకా. పాత బండ్లలో ఇది నీటిపంపు ముఖముపై బోల్టులతో బిగింపబడి, ఇంజను తిప్పు బెల్టుతోనే తిరుగును. ఇంజను తిరిగినంతసేపు ఇదియు తిరుగవలసినదే. పుష్యమాసపు తెల్లవారుజామున చలిలో బండి తీసినను, చదునైన రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలియే రేడియేటరును చల్లబరచుచున్నను, దానికి విశ్రాంతి లేదు.

ఈ వృథాశ్రమకు వెల స్వల్పము కాదు. పంకా వేగము రెట్టింపైనచో అది తినివేయు శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. నిమిషమునకు 1200 చుట్లు తిరుగునప్పుడు అర అశ్వశక్తిని తీసికొను పంకా, 2400 చుట్లకు పోయినచో నాలుగు అశ్వశక్తులను మ్రింగును. విద్యుత్ పంకా అట్లు కాదు. అవసరమైనప్పుడే తిరుగును, తక్కినవేళ ఊరకుండును. డీజిలు కలిసివచ్చుననుట అబద్ధము కాదు. లీటరుకు అర కిలోమీటరు పెరిగినదని ఆ లారీ యజమాని చెప్పెను. అది అతని లెక్క, మేము కొలిచి చూచినది కాదు. విద్యుత్తు మాత్రము ఉచితముగా వచ్చునని ఎవరును అనుకొనరాదు. ఆల్టర్నేటరును తిప్పునది ఆ ఇంజనే. తిప్పిన శక్తిలో చాల భాగము అక్కడను వేడిగా పోవును.

ఈ విద్యుత్ పంకా మన దేశపు వీథులలో విరివిగా కానవచ్చుట మారుతి 800 తోడనే. 1983 చివర వెలువడిన ఆ కారులో ఇంజను అడ్డముగా నుండుటచే, ముందున్న రేడియేటరునకు ఎదురుగా బెల్టుతో పంకాను తిప్పుట సుకరము కాదు; మోటారే దిక్కు. 1959 లో ఇంగ్లండున పుట్టిన మినీ కారులోను ఇంజను అడ్డమే. కాని దాని రూపకర్త ఇసిగోనిస్ రేడియేటరునే ప్రక్కకు తిప్పి, బెల్టు పంకాను నిలుపుకొనెను! ఏమైననేమి, ఇట్టి చిన్న కార్లు ముసలివై తుక్కు దుకాణములకు చేరినకొలది, వాని పంకాలు చౌకగా దొరకసాగినవి. ఆ లారీకి బిగించినదియు ఏదో చిన్న కారు పంకాయే. తొలి మారుతి 800 ఇంజను సుమారు 40 అశ్వశక్తులది. ఆ లారీ ఇంజను శక్తి దానికి ఇంచుమించు రెట్టింపు. చిన్న కారు వేడికి తగిన పంకా, రెండు టన్నులతో కొండ నెక్కు బండికి చాలునా?

ఇక్కడ మా మిత్రుడు చెప్పిన మాట మాకు బాగుగా నాటినది. బెల్టు పంకా, విద్యుత్ పంకా రెండును గాలినే లాగును గాని, వాని బలము, బలహీనత తలక్రిందులుగా నుండును. పూర్ణా మార్కెట్టు వీథిలో బండి అంగుళ మంగుళము కదలునప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగును. బెల్టు పంకాయు నెమ్మదిగానే తిరిగి, చాలినంత గాలిని లాగలేదు. అక్కడ విద్యుత్ పంకా పూర్తి వేగమున తిరిగి బండిని కాపాడును. ఘాట్ రోడ్డుపై మొదటి గేరులోనో, రెండవ గేరులోనో బరువుతో ఎక్కునప్పుడు సంగతి వేరు. బండి వేగము గంటకు 15 కిలోమీటర్లు, ఎదురుగాలి లేదు. ఇంజను వేగము మాత్రము అత్యధికము, వేడియు అత్యధికము. అప్పుడు బెల్టు పంకా ఇంజనుతోపాటు విజృంభించి సుడిగాలివలె లాగును. నాలుగు అశ్వశక్తులు తిన్న తిండికి అక్కడ ఫలితము చూపును. విద్యుత్ పంకా తనకున్న 250 వాట్లతో, అనగా అశ్వశక్తిలో మూడవ వంతుతో, ఊరిలో తిరిగినట్లే కొండమీదను తిరుగును. అంతకుమించి దానికి చేతకాదు.

కనుక పంకా మార్చదలచినవాడు ముందుగా తన బండి ఎక్కడ మరుగుచున్నదో చూచుకొనవలెను. ఊరిలో నిలిచి నిలిచి మరుగు బండికి విద్యుత్ పంకా మేలు చేయును. కొండపై మరుగు బండికి అది చేయు మేలు సందేహాస్పదము. పెద్ద లారీల మాట చెప్పనే అక్కరలేదు. అమెరికాలోని భారీ లారీలలో పంకా ఒక్కటే 30 అశ్వశక్తులు, ఒక్కొక్కచో అంతకు పైగా తీసికొనును. అంత శక్తిని బ్యాటరీ తీగెలగుండా పంపుట తేలిక కాదు. అందుచే అక్కడివారు బెల్టు పంకానే ఉంచి, నడుమ ఒక క్లచ్చును అమర్చినారు. వేడి పెరిగినప్పుడు పట్టును, తగ్గినప్పుడు విడుచును. బరువు బండ్ల యజమానులకు మా సలహా అదియే.

ఇక ఆ చిన్న లారీ సంగతి. దానిని షెడ్డునకు తెచ్చి విప్పినప్పుడు మేమును చూచితిమి. సిలిండరు హెడ్డు వంగినది, గాస్కెట్టు కాలినది. హెడ్డు ముఖమును యంత్రముపై చదును చేయించుట, గాస్కెట్టు, కూలి, పది దినముల బాడుగల నష్టము. ఆరు నెలలలో మిగిల్చిన డీజిలు సొమ్ము ఆ లెక్కలో మునిగిపోయినది. ఇంటిలో బండి తప్ప వేరు ఆధారము లేని మనిషి. దాని తరువాతనే పంకా అమరికను పరిశీలించుట జరిగినది, పరిశీలించినకొలది లోపములు బయటపడినవి.

పంకాను రేడియేటరు నడిబొడ్డున ప్లాస్టిక్ పట్టీలతో గొట్టములగుండా గుచ్చి కట్టిరి. బండి అదరునప్పుడెల్ల అది రాచుకొని ఒక గొట్టమునకు సన్నని చిల్లి పడినది. కొండ నెక్కకముందే కొంత నీరు తరిగియుండును. చుట్టును తొడుగు లేదు. తొడుగు లేని పంకా తన రెక్కలకు ఎదురుగా నున్న వృత్తమునుండియే గాలిని లాగును. తక్కిన రేడియేటరు ఊరక వేడెక్కును. పెద్ద పళ్లెమంత రేడియేటరునకు అరచేయంత గాలి!

తీగెల సంగతి మరింత ఘోరము. డ్రైవరు ముందున్న మామూలు స్విచ్చి నుండి సన్నని తీగెను తిన్నగా మోటారుకు లాగిరి. 12 వోల్టుల బండిలో అట్టి మోటారు నడుచునప్పుడు సుమారు 20 ఆంపియరులు తీసికొనును. తిరుగ నారంభించు క్షణమున దానికి రెండు మూడు రెట్లు. ఆ తీగె పైతొడుగు కరగి నల్లబడియున్నది. సన్నని తీగెలో వోల్టులు తరుగుటచే మోటారు పూర్తి వేగమునే అందుకొనలేదు. బ్యాటరీ నుండి నాలుగు, ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగితీగెను, బ్యాటరీ చెంతనే ఫ్యూజును, నడుమ రిలేను పెట్టవలెను. స్విచ్చి రిలేను మాత్రమే పలుకరించును; పెద్ద ప్రవాహము రిలేగుండ పోవును. మోటారు ఎర్తు తీగెను తుప్పుపట్టిన రేకునకు కాక, గీకి శుభ్రము చేసిన ఛాసిస్ లోహమునకు బిగింపవలెను.

చేతి స్విచ్చినే నమ్ముకొనుట మరియొక తప్పు. మనిషి మరచును. రేడియేటరు నీటిలో వేడిని కనిపెట్టు స్విచ్చిని అమర్చినచో పంకా తనంతట తాను తిరుగును. అయితే దాని అంకెను ఆలోచించి ఎన్నుకొనవలెను. ఇంజనులోని థర్మోస్టాటు 82 డిగ్రీలకు తెరచుకొనునదైనచో, పంకా 92, 95 డిగ్రీలకు మొదలై 87 ప్రాంతమున ఆగునట్లుండవలెను. జాగ్రత్త యెక్కువై 80 కి పెట్టినవారి బండిలో పంకా ఎన్నడును ఆగదు. ఇక మార్పుచేసి లాభమేమి? గేజి ముల్లును సయితము గ్రుడ్డిగా నమ్మరాదు. నీరంతయు పోయినప్పుడు దాని మొన ఆవిరిలో నిలిచి, వేడి తగ్గినట్లు చూపవచ్చును.

ఆల్టర్నేటరు ఓపికయు చూడవలెను. రాత్రి వానలో ముందు దీపములకు పది, వైపరునకు నాలుగైదు, పంకాకు ఇరువది ఆంపియరులు. ఆల్టర్నేటరు పలకపై 45 అని యున్నను, నిలిచిన బండిలో అందులో సగమైనను వచ్చుట అరుదు. తక్కినది బ్యాటరీ ఇచ్చుకొనవలెను. డైనమో ఉన్న మరీ పాత బండ్లకు ఈ ముచ్చట పనికిరాదు. 24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలలో ఒకదానినుండియే 12 వోల్టులు లాగి కారు పంకాను తిప్పువారు కలరు. ఆ బ్యాటరీ ఎండును, రెండవది పొంగును, రెండును చెడును.

పాత పంకాను విప్పునప్పుడు మెకానిక్కులు పొరబడు చోటొకటి కలదు. పెక్కు బండ్లలో పంకా బోల్టులే నీటిపంపు పుల్లీని కూడ పట్టియుండును. పంకాయు, దాని నడుమ దిమ్మయు తీసివేసి, ఆ పొడవు బోల్టులనే మరల ఎక్కించినచో అవి అడుగు తగిలి ఆగిపోవును, పుల్లీ వదులుగా మిగులును. పొట్టి బోల్టులు వేయవలెను. నీటిపంపునకు బెల్టు ఎప్పటివలె ఉండవలసినదే.

విద్యుత్ పంకా నిలిచిన బండిలోను, కొన్ని అమరికలలో తాళము తీసిన పిమ్మటను, హఠాత్తుగా తిరుగును. కావున బానెట్టు ఎత్తి చేయి పెట్టకముందు బ్యాటరీ తీగె తీసివేయవలెను. పిల్లలున్న ఇండ్లవారు ఇది మరువరాదు.

పాత ఇనుప పంకాను మరల బిగించుకొమ్మని మా మిత్రుడు యజమానికి చెప్పిచూచెను. అతడు ఒప్పుకొనలేదు. వారమున ఆరు దినములు దిగుడు బరువే గదా అనెను. అందులోను న్యాయము లేకపోలేదు. తుదకు రేడియేటరు వెనుక భాగమంతయు కప్పు తొడుగులో రెండు పంకాలు, రెండు రిలేలు, వేడి స్విచ్చి, పంకా తిరుగుచున్నప్పుడు వెలుగు చిన్న దీపము, ఇవి అమర్పబడినవి. ఆల్టర్నేటరును పెద్దది వేయవలసి వచ్చినది. మొదట 15 బస్తాలతో, పిదప 25 తో కనుమ ఎక్కి, ముల్లును చూచుకొనుచు హద్దు తేల్చుకొనెను. ఇప్పుడు 25 బస్తాలకు మించి పైకి ఎక్కింపడు. ఆ మేరకు బాడుగ పోయినది.

మరల ఆ దారిన పోయినప్పుడు అతని బండిలో కొంత దూరము ప్రయాణము చేసితిమి. సీటు వెనుక గోనెసంచిలో ఏదియో కాలికి తగిలినది. పాత ఇనుప పంకా! దానితోపాటు గుడ్డలో మూటకట్టిన దిమ్మ, నాలుగు పొడవు బోల్టులు. “సిమెంటు బాడుగలు ఎక్కువైతే మళ్లీ దీన్నే ఎక్కించేస్తాను బాబూ,” అని అతడు గేరు మార్చెను.