ఐ.పి. పెట్టిన రైతు – సర్కారు సొమ్ము, సర్కారు బాకీ

(లాలాపేటలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



లాలాపేట యనగానే మీకు జ్ఞప్తికి వచ్చునది విజయ పాల డెయిరీ. పాడిపై బ్రదుకు కుటుంబములు మీ గ్రామములలో ననేకము. అట్టి కుటుంబ మొకటి అప్పులలో మునిగినపుడు ముందుగా మీ గుమ్మమే తొక్కును. “ఐ.పి. పెట్టినచో బాకీలన్నియు కొట్టుపడునట, నిజమేనా?” యని అడుగును. దీనికి సరియైన సమాధానము మీ నోట రావలెనని మా కోరిక.

2016లో క్రొత్త దివాలా కోడు వచ్చినది. కాని వ్యక్తులకు సంబంధించిన దాని భాగము, 2019 డిసెంబరు 1 నుండి, కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారి విషయముననే అమలులోనికి వచ్చినది. సామాన్య రైతు, కూలి, చేతిపనివారలకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే గతి.

కోర్టు దివాలా ప్రకటించిన పిమ్మట ఋణగ్రస్తుని ఆస్తి కోర్టునకు గాని రిసీవరునకు గాని దఖలు పడును. కోర్టు అనుమతి లేనిదే అప్పులవారు దావా వేయరాదు. అయితే భూమినో బంగారమునో తాకట్టు పట్టినవారి హక్కు చెడదు.

కుటుంబమునకు మిగులునదేమి? సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తునుండి మినహాయించినవి రిసీవరునకు చెందవు. కూలి డబ్బు, ప్రభుత్వోద్యోగి పింఛను, ప్రావిడెంటు ఫండు, రైతు నివసించు ఇల్లు, సేద్యపు పనిముట్లు, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తనములు ఇందు చేరును. పాల బిల్లు సొమ్మును ఈ పట్టిక ప్రత్యేకముగా పేర్కొనలేదు. కావున గేదె దక్కినంత మాత్రమున పాల డబ్బును దక్కునని ఎవరికిని ధైర్యము చెప్పకుడు.

ఇక సర్కారు బాకీ సంగతి. ఆస్తిని పంచునపుడు ప్రభుత్వమునకును, స్థానిక సంస్థలకును రావలసిన బాకీలకు 61వ సెక్షను ప్రాధాన్యము నిచ్చినది. పంచాయతీయు స్థానిక సంస్థయే గనుక ఇంటిపన్ను బాకీని లెక్కలతో రుజువు చూపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది 44వ సెక్షను. కోర్టు విడుదల ఉత్తరువు నిచ్చినను ప్రభుత్వ బాకీ తీరిపోదు. మోసముచే చేసిన అప్పును తీరదు. “అన్నియు కొట్టుపడును” అను దళారి మాట నమ్మి చేతనున్న నాలుగు రూకలు వానికి ధారపోసిన కుటుంబము రెండు విధముల చెడును.

బావమరిది పేర పొలము వ్రాసి ఐ.పి. పెట్టుదమను ఆలోచనయు పనికిరాదు. ప్రతిఫలము లేక చేసిన బదిలీని, రెండేండ్లలోపల అర్జీ పడి దివాలా ప్రకటింపబడినచో, కోర్టు రద్దు చేయగలదు.

మీకు స్వయముగా సంబంధించినది మరియొకటి. దివాలాదారుగా ప్రకటింపబడినవారు స్థానిక సంస్థకు ఎన్నికగుటకు గాని, సభ్యులుగా కూర్చుండుటకు గాని 73వ సెక్షను క్రింద అనర్హులు. ప్రకటన రద్దయినను, దురదృష్టవశముననే దివాలా సంభవించినదని కోర్టు ధ్రువీకరించి విడుదల చేసినను ఈ అనర్హత తొలగును.

కావున ఐ.పి. తుది మార్గమే గాని తొలి మార్గము కాదు. చిన్న రైతులకు, వ్యవసాయ కూలీలకు, గ్రామీణ చేతిపనివారికి 2016 నాటి తెలంగాణ ఋణ విమోచన కమిషను చట్టము గలదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, అల్పాదాయము గలవారికి 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము లభించును. మండల న్యాయసేవా సంఘమునకు దారి చూపుడు. అప్పుపడినవానికి పరువు పోవునన్న భయము అధికము. వాని గడపకు మీరే ముందు వెళ్లుడు. వడ్డీవాడు, దళారి చేరకముందే వెళ్లుడు.