మనల్ని మార్చిన ప్లేటు ఏది?



పొద్దున కాఫీల దగ్గర జరిగిన గొడవ నిర్వాహకుల చెవిన పడినట్టు లేదు. పడి ఉంటే ఈ కుర్చీలో నాకన్నా గట్టి గొంతు ఉన్నవారిని కూర్చోబెట్టేవారు. తెలుగువాళ్ళ మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపిన ఆల్బం ఏదన్నది ఆ గొడవ. ఒక పెద్దాయన 'శంకరాభరణం' అన్నారు. ఒక కుర్రాడు 'రోజా' అన్నాడు. వెనకనుంచి ఎవరో 'గీతాంజలి' అని కేకేశారు. ముగ్గురూ తమ తమ పదహారో ఏటి గురించే మాట్లాడుతున్నారని నా అనుమానం.

ఇష్టాన్ని ప్రభావం అనుకోవడం మన జబ్బే కాదు. అమెరికాలో 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో 500 ఆల్బంల పట్టీ వేసి బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్'ను మొదట నిలబెట్టింది. 2020లో మళ్ళీ ఓట్లు అడిగితే అది 24కు దిగిపోయింది. మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' పైకెక్కింది. మధ్యలో ప్లేట్లు అరిగాయేమో గానీ పాటలు మారలేదు కదా! ఓటేసినవాళ్ళు మారారు.

సినిమా పాటల వాదం తీసిపారేయదగ్గది కాదు. 'శంకరాభరణం' కె.వి. మహదేవన్‌కూ, బాలుగారికీ, వాణీ జయరాంకూ జాతీయ పురస్కారాలు తెచ్చింది. మా వీధిలో అప్పటిదాకా సైకిలు బెల్లు తప్ప ఏదీ మోగించని పిల్లలు సంగీతం మాస్టారి అరుగు మీద బుద్ధిగా కూర్చున్నారు. ఓ ఏడాదికి మళ్ళీ సైకిళ్ళెక్కారనుకోండి. 'రోజా' సంగతి వేరు. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన అబ్బాయి 1992లో తన సొంత స్టూడియో నుంచి తెచ్చిన ఆ చప్పుడు, పాట రికార్డు చేసే పద్ధతినే మార్చింది. రాజశ్రీగారు తెలుగు మాటలు పొదిగిన అనువాద చిత్రమని తెలిసీ మనవాళ్ళు దాన్ని పరాయిదనుకోలేదు.

అయితే ఇవి ముఖ్యంగా పాట కట్టేవాళ్ళనూ, పాడేవాళ్ళనూ మార్చాయి. నేను పెట్టుకున్న కొలబద్ద ఇంకొకటి. పాట రానివాడి ఇంట్లో, పాటంటే పట్టనివాడి ఇంట్లో ఏం మారింది? అలా చూస్తే సినిమా పాటలన్నీ పక్కకు జరిగి రెండు ప్లేట్లు మిగులుతాయి.

మొదటిది ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం, 1963 నాటి ఎల్పీ. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ దాన్ని నమ్మేవారు కాదు. రేడియోలో సుప్రభాతం అయి ప్రపత్తి మొదలయ్యేసరికి పాలు పొంగాలి, మంగళాశాసనానికి నాన్నగారి స్నానం అవ్వాలి. శ్లోకం అర్థం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. వరస మాత్రం అందరికీ వచ్చు. ఇప్పుడు ఎవరైనా మరో రాగంలో ఎత్తుకుంటే స్వామి లేవడేమో అన్నట్టు చూస్తాం. ఒక ప్లేటు వెయ్యి ఇళ్ళకు వెళ్తే వెయ్యి గొంతుల్లో ఒకే వరస మిగులుతుంది. బాలమురళిగారి రామదాసు కీర్తనలకూ ఇదే జరిగింది. దాన్ని లాభమని నేను అనను, నష్టమనీ అనను.

రెండోది ఘంటసాల భగవద్గీత. నా ఓటు దీనికే.

ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. ప్లేటు ఆ తరవాత వచ్చింది. దాన్ని మొదట కొనుక్కున్నవాళ్ళు గీత కోసం ఎంత కొన్నారో, ఆ గొంతు మళ్ళీ వినడం కోసం అంత కొన్నారు. పుడుతూనే విషాదం అంటుకున్న ప్లేటు అది. ఏడువందల శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఏరి, శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పడం అందులోని ఏర్పాటు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మకు గీత ఏం చెప్పిందో తెలిసింది ఆ తాత్పర్యం వల్లే. పండితులెవరూ చేయలేని పని అది. కాకపోతే ఆవిడ దృష్టిలో గీత అంటే ఆ వందే. మిగిలిన ఆరువందలు ఉన్నాయంటే, ఘంటసాల పాడలేదుగా అనేది.

తరవాత క్యాసెట్టు వచ్చింది, మైకుసెట్టు అద్దెకు దొరికింది. అక్కడ కథ మలుపు తిరిగింది. మా ఊళ్ళో ఏ వేళప్పుడైనా మైకులో ఆ గొంతు లేచిందంటే, ఆడవాళ్ళు పొయ్యి మీద గిన్నె దించి గుమ్మంలోకి వచ్చేవారు. "ఎవరు పోయార్రా?" అని వీధిలో వెళ్ళేవాణ్ణి అడిగేవారు. మైకుసెట్టు అబ్బాయి దగ్గర రెండు క్యాసెట్లు విడిగా ఉండేవి. ఒకటి పెళ్ళిళ్ళకు, ఒకటి దీనికి. పొరపాటున రెండోది పెళ్ళిపందిట్లో పెట్టినందుకు ఒకసారి వాడికి దెబ్బలు కూడా పడ్డాయి.

చతికిలబడ్డవాణ్ణి లేచి నిలబడమని చెప్పిన మాటలవి. వాటిని మనం ఇక లేవలేనివాడి తలదగ్గర పెట్టాం. బతికున్న మనిషి ఇంట్లో ఆ క్యాసెట్టు పెడితే అపశకునమన్నాం. ఇంతకన్నా ప్రభావం ఏ ఆల్బం చూపగలదు? ఒక గ్రంథం అర్థాన్ని తెలుగు చేసిందీ అదే, ఆ గ్రంథాన్ని శవం దగ్గరికి చేర్చిందీ అదే. ఘంటసాల ఆ రెండోది కోరి ఉండరు. ప్రభావం కళాకారుడి కోరికను అడిగి రాదు.

పొద్దున గొడవపడ్డ ముగ్గురూ నన్ను క్షమించాలి. మీ పాటలు మేం కూడా పాడుకుంటాం. కానీ ఆ పాట వినబడగానే వీధి మొత్తం పొయ్యి దించి బయటికి రాలేదు.

ఇక ఒక విన్నపం. చావింట గీత పెట్టే ఈ ఆచారం ఏ ఊళ్ళో, ఏ ఏడు మొదలైందో తెలుసుకోవాలంటే పుస్తకాలు వెతికి లాభం లేదు. మైకుసెట్టు నడిపినవాళ్ళు, వాళ్ళ కొడుకులు చెప్పాలి. వాళ్ళలో చాలామంది డెబ్బై దాటారు. మీ ఊళ్ళో చావింట మొదటిసారి ఘంటసాల గీత ఎప్పుడు విన్నారో గుర్తున్నవారు ఊరి పేరు, సంవత్సరం, మైకుసెట్టు పెట్టినవారి పేరు ఒక కాగితం మీద రాసి, భోజనాలకు వెళ్ళేలోపు బయట బల్ల దగ్గర ఇవ్వండి. సంవత్సరం సరిగ్గా గుర్తు లేకపోతే ఎవరు పోయినప్పుడో రాయండి, చాలు.

మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. పదిహేను నిమిషాలు. గంట నా దగ్గరే ఉంది.